నార తాడు

చాండ్లర్‌లో జనవరి అంటే నారింజల కాలం. రోడ్ల పక్కన, పార్కింగ్ లాట్లలో, బ్యాంకు ముందు, ఎక్కడ చూసినా చెట్ల నిండా నారింజలు. అందానికి పెంచుతారట, ఎవరూ కొయ్యరు. కొత్తగా పెళ్ళయి వచ్చిన నాకు ఆ సంగతి తెలిసిన రోజు సంతోషం పట్టలేకపోయాను. అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి మరీ సంచీడు కాయలు కోసుకొచ్చి నారింజకాయ పులిహోర కలిపాను. రుత్విక్ మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నాడు.

"ఇన్నేళ్ళుగా ఈ చెట్ల కిందే కారు పెడుతున్నా. ఇవి తినొచ్చని ఒక్కడూ చెప్పలేదు. నీకు పేరు సరిగ్గా పెట్టారు జ్ఞానం!"

నా పేరు జ్ఞానప్రసూన. మా నాయనమ్మ పేరు. బడిలోనూ కాలేజీలోనూ అందరూ ప్రసూన అనేవారు. పెళ్ళయిన మర్నాటి నుంచీ రుత్విక్ ఒక్కడే ఆ పేరులో ముందు సగాన్ని పట్టుకున్నాడు. జ్ఞానం, టీ పెట్టనా? జ్ఞానం, నా సాక్సు చూశావా? ఉడుక్కుంటున్నట్టు మొహం పెట్టేదాన్ని గానీ, అతను ఆఫీసుకి వెళ్ళాక ఖాళీ ఇంట్లో ఆ పిలుపే చెవిలో మోగించుకుంటూ గిన్నెలు సర్దుకునేదాన్ని. నా వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. అయినా రోజు ఎలా గడిచిపోయేదో తెలిసేది కాదు. నెత్తిన కుచ్చు పెట్టుకుని వరసగా రోడ్డు దాటే కంజు పిట్టల్ని చూస్తే సంబరం. డిష్‌వాషర్ ఆగినప్పుడు అది వేసే ఈల వింటే సంబరం. పెళ్ళికి ముందు ఎమ్మే హిస్టరీ చేశాను. మోటుపల్లి రేవు మీద, అక్కడికి వచ్చే ఓడల మీద ప్రాజెక్టు రాశాను. ఓడలన్నా, వర్తకులన్నా నాకు పిచ్చి. ఆ పిచ్చికి ఈ ఎడారి ఊళ్ళో పనిపడుతుందని మాత్రం అనుకోలేదు.

పనిపెట్టినవాడు డగ్. రుత్విక్‌కి మేనేజరు.

ఆ చలికాలమంతా గురువారం సాయంత్రాలు డగ్ వాళ్ళింట్లో వైకింగుల సీరియల్ చూడటం ఒక ఆచారంగా ఉండేది. వారానికో ఎపిసోడ్ వచ్చేది. టీంలో వీలున్నవాళ్ళు వెళ్ళేవారు. రుత్విక్‌కి వీలున్నా లేకున్నా వెళ్ళాల్సిందే. అతని హెచ్-వన్ గడువు వచ్చే ఏడాదితో ఆఖరు. ఈలోగా కంపెనీ గ్రీన్ కార్డ్ ప్రాసెస్ మొదలుపెట్టకపోతే ఇద్దరం పెట్టెలు సర్దుకోవాలి. మొదలుపెట్టమని పైకి రాయాల్సింది డగ్. రాస్తానన్నాడు. ఇంకా రాయలేదు.

"చూడు జ్ఞానం," మొదటి గురువారం కారు స్టార్ట్ చేస్తూ అన్నాడు రుత్విక్. "వాళ్ళ ముత్తాత నార్వే నుంచి వచ్చాడట. డగ్‌కి వైకింగులంటే మనిళ్ళల్లో రామాయణం లెక్క. నిన్నడిగితే బాగుంది, చాలా బాగుంది అను. అంతే."

"బాగోకపోతే?"

"బాగోకపోయినా బాగుంటుంది."

"నా నోరు నా మాట వినకపోతే?"

"ఆ నోట్లో చిప్స్ పెట్టుకో."

డగ్ తలుపు తీశాడు. గుమ్మానికి సరిపడా మనిషి. నెరుస్తున్న ఎర్ర గడ్డం, చిన్నపిల్లాడి నవ్వు. ఆయన భార్య మార్నీ నన్ను కావలించుకుని పెరట్లో కాసిన నిమ్మకాయలు ఒక బుట్టెడు చేతికిచ్చింది. అంత మంచివాళ్ళు. గోడ మీద గుండ్రటి చెక్క డాలు ఉంది. సోఫాలో అప్పటికే జితేందరన్న, ఆయన భార్య రాగిణక్క కూర్చుని ఉన్నారు. జితేందరన్న కూడా డగ్ టీంలోనే. వాళ్ళది వరంగల్.

షో మొదలైంది. నాయకుడి మొహం నిండా బురద, జుట్టు అట్టలు కట్టి ఉంది, ఒంటి మీద నల్లటి తోలు. అతను ఇంగ్లీషు రాకుమారి ముందుకు వస్తే ఆమె ముక్కు మూసుకుంది. "మేము స్నానాలు చేసే జాతి కాదు" అన్నాడతను గంభీరంగా.

నేను పకాలున నవ్వాను. రుత్విక్ మోకాలు నా మోకాలికి తగిలింది.

"ఏమైంది?" అన్నాడు డగ్.

చిప్స్ గిన్నె దూరంగా ఉంది. "అదేం లేదు, తిరగేసి చూపించారు," అన్నాను. "వైకింగుల సమాధులు తవ్వితే చాలాచోట్ల దువ్వెన దొరుకుతుంది. వాళ్ళు రోజూ తల దువ్వుకుంటారని, వారం వారం స్నానం చేస్తారని, అందుకే మన ఆడవాళ్ళు వాళ్ళ వెంట పడుతున్నారని తర్వాత ఒక ఇంగ్లీషు సన్యాసి ఏడ్చుకుంటూ రాశాడు. వాళ్ళ భాషలో శనివారానికి పేరే స్నానాల రోజు."

డగ్ రిమోట్ తీసుకుని షో ఆపాడు. తెర మీద నాయకుడి నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"మా నానమ్మ శనివారాన్ని లోర్డాగ్ అనేది," అన్నాడు మెల్లగా. "దానర్థం అదా?"

"అదే."

ఆయన మార్నీ చెయ్యి పట్టుకుని, "ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. ఆ గొంతు విని నాకే కళ్ళు చెమర్చాయి.

తిరిగి వస్తుంటే రుత్విక్ స్టీరింగ్ మీద దరువేస్తూ నవ్వాడు. "శనివారం తలంటు! అంటే మా తాతయ్య వైకింగేనన్నమాట. జ్ఞానం, నువ్వు అదరగొట్టేశావు."

ఆ శనివారం కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి అతని తలకి మర్దనా చేశాను. బాల్కనీలో ఎండలో కింద కూర్చుని, నా మోకాళ్ళ మధ్య తల ఆనించి, కళ్ళజోడు పక్కన పెట్టుకుని, "ఓడెక్కి ఎవరిమీద దండెత్తమంటావు?" అన్నాడు. కళ్ళజోడు తీస్తే అతనికి చేతి దూరం దాటి ఏమీ కనపడదు. ప్రతి శనివారం ఇలాగే అని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం.

అప్పట్నుంచి గురువారాల వరస మారిపోయింది. డగ్ రిమోట్ చేతిలోనే పట్టుకుని కూర్చునేవాడు. సందేహం వస్తే పాజ్ నొక్కి, "ప్రసూనా?" అనేవాడు. తోలు ప్యాంట్లు అబద్ధమన్నాను. వాళ్ళు ఎరుపు, నీలం రంగులంటే చచ్చేంత ఇష్టపడే ఉన్నిబట్టల మనుషులన్నాను. ఇంటి ఇల్లాలు నడుముకి తాళాలు వేలాడదీసుకునేదని, ఆ చప్పుడే ఆవిడ అధికారమని చెప్పినప్పుడు మార్నీ చప్పట్లు కొట్టింది. ఆదివారం నుంచే లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని సిద్ధమయ్యేదాన్ని. అలా ఒక హాలు మొత్తం షో ఆపుకుని నా మాట కోసం చూడటం నా జీవితంలో ఎప్పుడూ జరగలేదు.

రాగిణక్కకి అది నచ్చలేదు. ఒకరోజు నారింజకాయలు ఇద్దామని వాళ్ళింటికి వెళ్తే, సజ్జరొట్టె తడుతూనే అందుకుంది.

"ఏందే ప్రసూనా, మేనేజర్ ఇంట్ల కూసోని టీవీల తప్పులు తీస్తున్నవు? ఆయనేమో నిన్ను చూస్తనే పాజ్ నొక్కుతున్నడు. ఒక్క గంట షో, రాత్రి దాంక సాగుతున్నది. నేను ఆవలింతలు ఆపుకోలేక సస్తున్న."

"ఆయనకి ఇష్టమేగా అక్కా."

"ఇష్టమే. ఇష్టపడేటోళ్ళతోనే జర పైలంగ ఉండాలె. మీ రుత్విక్ ఆయన చేతికింద ఉన్నడు. నువ్వేమో ఆయన పక్కన కూసున్న అనుకుంటున్నవు."

ఓర్వలేక అంటోందనుకున్నాను. రొట్టె మాత్రం రెండోది కూడా వేయించుకుని తిన్నాను.

ఫిబ్రవరిలో వచ్చిన ఎపిసోడ్‌లో కోతల పండుగ చూపించారు. నాయకుడే కొడవలి పట్టి బార్లీ కోస్తున్నాడు. నాయకుడి భార్య పాలు పిండుతోంది. అందరూ పాడుతున్నారు. ఆ రోజు పాజ్ అన్నది నేనే.

"ఇన్ని పశువులు, ఇంత పొలం. పని చేస్తున్నది ఎవరు?" క్లాసులో మేష్టారిలా అందరి వైపూ చూశాను. "బానిసలు. వెండి కోసం ఎంత దండెత్తారో, మనుషుల కోసమూ అంతే. ఊళ్ళ మీద పడి పట్టుకొచ్చి, కొంతమందిని ఉంచుకుని, మిగిలినవాళ్ళని అరబ్బు వెండికి అమ్మేవారు. మెడకి వేసే ఇనప పట్టీలు తవ్వకాల్లో దొరికాయి. ఈ సీరియల్లో ఇన్ని ఎపిసోడ్లయినా ఒక్క బానిస లేడు. బురదా తోలుబట్టలూ కాదు, అసలు అబద్ధం ఇదీ."

ఆఖరి వాక్యం నాకే ఎంతో నచ్చింది.

"వినడానికి బాగాలేదు," అంది మార్నీ.

"నిజం కాబట్టి," అన్నాడు డగ్. డాలు వైపు చాలాసేపు చూశాడు. డగ్‌కి ఒక క్లబ్ ఉంది. ప్రతి మార్చిలో ఊరి బయట పార్కులో జరిగే పాతకాలపు సంతలో వాళ్ళు వైకింగుల గుడారాలు వేసి, కమ్మరి కొలిమి, వంట, కత్తియుద్ధం చూపిస్తారు. "ఏటా మేమూ ఈ షో చేసే పనే చేస్తున్నాం. కత్తులు, కబుర్లు. ఈసారి ఉన్నదున్నట్టు చూపిద్దాం. జనం ఆలోచించాలి. కానీ ఆ వేషం ఎవరు వేస్తారు?"

డగ్ కళ్ళు అందరి మీదుగా తిరిగి రుత్విక్ దగ్గర ఆగాయి. అందులో చెడు ఏమీ లేదు. నేను ప్రమాణం చేసి చెప్పగలను. పని ఎవరికి అప్పజెప్పాలా అని చూసే మేనేజరు చూపు అది.

"తూర్పు దేశం నుంచి వచ్చిన మనిషి. చారిత్రకంగా కుదురుతుందా ప్రసూనా?"

ఆ ప్రశ్న నాకు పరీక్షలో ప్రశ్నలాగే వినపడింది. జవాబు తెలిసిన ప్రశ్న.

"కుదురుతుంది," అన్నాను. "వోల్గా నది దాకా వెళ్ళేవారు. ఎక్కడెక్కడి మనుషులో వాళ్ళ చేతికి చిక్కేవారు."

"రుత్విక్, ఏమంటావు?"

"ష్యూర్, డగ్," అన్నాడు రుత్విక్ నవ్వుతూ. "సరదాగా ఉంటుంది."

"నాకు బ్యాక్ పెయిన్," అన్నాడు జితేందరన్న, ఎవరూ అడక్కుండానే. "నేను ఫోటోలు తీస్త." అందరూ నవ్వారు. రాగిణక్క నవ్వలేదు. నా వైపు చూసి చిప్స్ గిన్నె నా ఒళ్ళోకి జరిపింది.

ఇంటికొచ్చే దారిలో రుత్విక్ ఒక్క మాటే అడిగాడు. "వాళ్ళేం కట్టుకునేవారు జ్ఞానం?"

"రంగు వెయ్యని ముతక ఉన్ని. మోకాళ్ళ దాకా." తర్వాత దారంతా నా గౌను గురించే మాట్లాడాను. మార్నీ నాకు ఇంటి ఇల్లాలి వేషం ఇచ్చింది, నడుముకి తాళాలతో సహా. అమ్మ సారెలో పెట్టిన చేనేత దుప్పటి కత్తిరించి, భుజాల మీద పట్టీలు కుట్టి, రెండు పట్టీలకీ మధ్య పూసల దండ వేలాడదీశాను. రుత్విక్‌కి గోధుమరంగు కర్టెన్ గుడ్డ తీసుకొచ్చి చొక్కా కుట్టాను. అది తొడుక్కుని అద్దం ముందు నిలబడి, "ఎలా ఉన్నాను?" అన్నాడు.

"అచ్చం బానిసలా!" అని చప్పట్లు కొట్టాను.

అద్దంలో అతను నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. చప్పట్ల చప్పుడు కూడా వినిపిస్తుంది.

సంత శనివారం మొదలైంది. మార్చి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చేతులెత్తి నిలబడ్డ జెముడు చెట్ల మధ్య గుడారాలు, ఉన్నిబట్టల్లో చెమటలు కక్కుతున్న వైకింగులు, నిమ్మరసం బళ్ళు, పిల్లల కేకలు. నేను అడుగేస్తే నడుముకున్న ఇనప తాళాలు గలగలమనేవి. ఆ చప్పుడు వినడానికే అటూ ఇటూ తిరిగాను. తాళాల గుత్తిలో మా అపార్ట్‌మెంట్ తాళం కూడా వేసుకున్నానని రుత్విక్‌కి చూపిస్తే, "ఇంటి యజమానురాలివి కదా, ఉండాల్సిందే" అన్నాడు.

ఆ క్యాంపుకి ఒక పద్ధతి ఉంది. తెర తీసే ముందు డగ్ ప్రతివాళ్ళనీ ఎగాదిగా చూసి, ఈ కాలపు వస్తువేదైనా ఉంటే తీయించేస్తాడు. గడియారాలు, జిప్పులు, ఫోన్లు. రుత్విక్ దగ్గరికొచ్చి, "సారీ, కళ్ళజోడు" అన్నాడు.

రుత్విక్ తీసి నా చేతికిచ్చాడు. కళ్ళు చిట్లించి ఒకసారి చుట్టూ చూసి, మానేశాడు.

"ఇనప పట్టీ దొరకలేదు," అన్నాడు డగ్. "తాడుతో సరిపెడదాం." కారు డిక్కీలోంచి పసుపురంగు నైలాన్ తాడు తెచ్చి, ఉచ్చులా ముడేసి రుత్విక్ మెడలో వేశాడు. "బిగుసుకోవడం లేదుగా?" అని వేలు పెట్టి చూశాడు కూడా. నిజంగానే శ్రద్ధగల మనిషి.

జితేందరన్న ఫోన్ ఎత్తాడు. "తమ్మీ, పెళ్ళిల నువ్వు మూడు ముళ్ళేస్తివి, గిప్పుడు నీకు పడ్డది ఒకటే. నువ్వే గెల్చినవ్ పో!"

రుత్విక్ అందరికంటే గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ ఆ తాడు వైపు చూశాను. ఎండలో అది ప్లాస్టిక్ బకెట్‌లా మెరుస్తోంది.

"డగ్, అది నైలాను," అన్నాను. "అప్పుడెక్కడిది? నార తాడు ఉండాలి."

ఆ మాట అన్నది నేనే. ఎవరూ అడగలేదు. ఎవరూ పాజ్ నొక్కలేదు.

"కరెక్ట్!" అన్నాడు డగ్. "నువ్వు లేకపోతే మా పరువు పోయేది." గుడారానికి కట్టిన ముతక నార తాడొకటి విప్పుకొచ్చాడు. పసుపు తాడు తీసి అది వేశాడు. రుత్విక్ నా వైపు తిరిగాడు. కళ్ళజోడు లేదు కనుక నేను ఎక్కడున్నానో అతనికి సరిగ్గా తెలియలేదు. నా పక్కనున్న గుంజ వైపు చూసి, చిన్నగా తలూపాడు.

నేను అతని వైపు ఒక అడుగు వేశాను. కానీ అప్పటికే డగ్ కొమ్ము బూర ఊదేశాడు. జనం మూగారు.

"టీవీలో మీకు చూపించనిది ఇది," అని మొదలుపెట్టాడు డగ్. నేను చెప్పినవే చెప్పాడు. వెండి, మనుషులు, పొలం పనులు. ఒక్క ముక్క తప్పు లేదు. చెబుతూ తాడు కొస పట్టుకుని ఆ వరస నుంచి ఈ వరసకి నడిచాడు. రుత్విక్ వెనకాలే నడిచాడు. చూపు ఆనక రాయి తగిలి తూలితే, తాడు బిగిసింది. డగ్ వెంటనే ఆగి, "బాగానే ఉన్నావా?" అన్నాడు గుసగుసగా. "ఆల్ గుడ్" అన్నాడు రుత్విక్.

"ఇతన్ని ఎక్కడ పట్టావు?" అని అరిచాడు జనంలోంచి ఒకాయన.

"ఎక్కడైతే ఏం, నా బెస్ట్ ఇంజనీర్!" అన్నాడు డగ్. నవ్వులే నవ్వులు. ఫోన్లు లేచాయి. ఒకమ్మాయి వచ్చి తాడు తను పట్టుకుని ఫోటో తీసుకోవచ్చా అని అడిగింది. డగ్ రుత్విక్‌ని అడిగాడు. రుత్విక్ సరేనన్నాడు. సరేననడం అలవాటైపోయిన మనిషి ఎంత తేలిగ్గా అంటాడో అలా.

ముందు వరసలో ఒక నల్లజాతి ఆవిడ ఉంది. నిమ్మరసం గ్లాసు చేతిలో, భర్త పక్కన. ఆవిడ నవ్వలేదు. డగ్ వైపు చూడలేదు. తాడు వైపు చూసింది, రుత్విక్ వైపు చూసింది, ఆ తర్వాత గుడారం గుమ్మంలో పూసలూ తాళాలూ వేసుకుని నిలబడ్డ నా వైపు చూసింది. మా ఇద్దరి మొహాల్లో పోలిక ఆవిడకి తెలిసిపోయిందనుకుంటాను. చాలాసేపు చూసింది. గ్లాసు అక్కడే చెత్తడబ్బాలో పడేసి, భర్త మోచెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ముందుకెళ్ళి ఆ తాడు తీసేయాలని ఉంది. తీస్తే డగ్ ఏమనుకుంటాడు? డగ్ ఏమీ అనుకోడు, సారీ చెబుతాడు. కానీ డగ్ ఇంకా రాయాల్సింది ఉంది. అందుకే కదలలేదు. కదిలితే తాళాలు చప్పుడు చేస్తాయని ఒక చేత్తో అదిమి పట్టుకున్నాను. రెండో చేతిలో అతని కళ్ళజోడు ఉంది.

రాగిణక్క నా వెనక ఎప్పుడొచ్చి నిలబడిందో. "ఇంకెంతసేపు గిది?" అంది.

"సాయంత్రం దాకా. గంటకోసారి."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. భర్త చేతిలోని ఫోన్ లాక్కుని సంచీలో వేసుకుని, "ఎండ మండుతున్నది, వానికిన్ని నీళ్ళియ్యి" అంది.

నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. తాడుతోనే తాగాడు.

ఇంటికొచ్చేటప్పుడు కారు నేను నడుపుతానన్నాను. వద్దన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, అద్దం సర్దుకుని, ఎప్పటిలాగే సిగ్నల్ దగ్గర వేళ్ళతో దరువేశాడు. మెడ చుట్టూ ఎర్రగా వాతలు. నైలానయితే నున్నగా ఉండేది.

"రుత్విక్."

"ఊఁ."

"నేను... అక్కడ చాలామంది..."

"నాకెవరూ కనబళ్ళేదులే," అన్నాడు. "కళ్ళజోడు లేదుగా."

ఇంటికి రాగానే కొబ్బరినూనె కాచాను. శనివారం. చల్లారినప్పుడల్లా మళ్ళీ కాచాను. అతను బాత్‌రూంలోంచి ఉత్త తలస్నానం చేసి వచ్చాడు. "వాళ్ళు కూడా శనివారమే చేస్తారన్నావు కదా" అని తువ్వాలు ఆరేసి, మెడకి నూనె రాస్తానంటే వద్దని, పడుకున్నాడు. ఆ స్నానాలకి నీళ్ళు మోసి కాచి పెట్టింది ఎవరో నాకు తెలుసు. చెప్పలేదు.

మంగళవారం రుత్విక్ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. డగ్ రాసి పైకి పంపేశాడట. లాయర్లు మొదలుపెడుతున్నారట. "కంగ్రాట్స్" అన్నాను. "నీకు కూడా" అన్నాడు. సాయంత్రం ఇండియన్ స్టోర్‌లో జిలేబీ కొనుక్కొచ్చాడు. పెట్టె మధ్యలో పెట్టుకుని ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. సంతకి రాకపోయినా డగ్ రాసేవాడేనేమో. రాసేవాడే అయ్యుంటాడు, మనిషి అలాంటివాడు. కానీ ఆ మాట పైకి అంటే, రాసేవాడైతే మరి ఎందుకు నడిచావు అన్న మాట కూడా వస్తుంది. ఆ వెనకే, ఎందుకు చూస్తూ నిలబడ్డావు అన్న మాట. ఇద్దరం జిలేబీ బాగుందనే అనుకున్నాం.

ఆ గురువారం సీరియల్ ఆఖరి ఎపిసోడ్. వెళ్ళకుండా ఎలా? దారిపొడుగునా నారింజచెట్లు పూతకొచ్చాయి. కారు అద్దాలు దించకపోయినా ఆ వాసన లోపలికి వస్తోంది. వారం క్రితమైతే నేను కారు ఆపించి దిగేదాన్ని.

డగ్ సంత ఫోటోలు పెద్దవి చేయించి పెట్టాడు. జనం చాలా నేర్చుకున్నారని మెయిళ్ళు వచ్చాయట. వచ్చే ఏడు కూడా ఇలాగే చేద్దామన్నాడు. రుత్విక్ "ష్యూర్" అన్నాడు. జితేందరన్న, రాగిణక్క రాలేదు. ఒంట్లో బాగాలేదని మెసేజ్ పెట్టారు.

షో నడుస్తోంది. ఆఖరి యుద్ధం. పొగలోంచి నాయకుడు వచ్చాడు. నెత్తిన ఇనప టోపీ. ఆ టోపీకి రెండు కొమ్ములు, ఎద్దుకున్నంతవి. ఏ వైకింగూ ఏ యుద్ధంలోనూ పెట్టుకోని కొమ్ములు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన తప్పు.

డగ్ పాజ్ నొక్కాడు. నవ్వుతూ నా వైపు తిరిగాడు. ఈ ఒక్కటీ ఆయనకీ తెలుసు. నా నోట వినాలని చూస్తున్నాడు. మార్నీ కూడా అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉంది.

"ప్రసూనా?"

రుత్విక్ నా వైపు చూడలేదు. తెర మీద కొమ్ముల వైపే చూస్తున్నాడు.

"బాగుంది," అన్నాను. "చాలా బాగుంది."

డగ్ నా వైపు చూస్తూనే ప్లే నొక్కాడు.

ఇంటికొచ్చేటప్పుడు ఇంకా వెలుతురుంది. మా కాంప్లెక్స్ గేటు దగ్గర కుచ్చు పిట్టలు వరసగా రోడ్డు దాటుతుంటే రుత్విక్ కారు ఆపాడు. అన్నీ దాటేదాకా ఆగాడు. నేను వాటిని చూస్తూ చున్నీ భుజాల మీదికి లాక్కున్నాను.

"ఏసీ ఎక్కువైందా ప్రసూనా?" అన్నాడు.

అందరూ పిలిచే పేరే. అందులో తప్పేమీ లేదు.

"లేదు," అన్నాను. "సరిపోయింది."